లెన్స్ వద్దన్న మాస్టారు

2006. మిరప కోతలు ఊపందుకున్న రోజులు. గుంటూరులో నాది సీసీ కెమెరాల షాపు. కోల్డ్ స్టోరేజీలకూ నగల దుకాణాలకూ కెమెరాలు బిగించడం మా పని. అద్దంకి దగ్గరి పల్లె నుంచి సాంబశివరావు గారని రిటైరైన సైన్సు మాస్టారు వచ్చి, చీకట్లో బాగా పనిచేసే కెమెరా అడిగారు. లెన్స్ మాత్రం అక్కర్లేదన్నారు.

"లెన్స్ లేకపోతే ఏం కనపడుతుందండీ?"

"గొల్లకావడి కింద నీహారిక," అన్నారాయన తాపీగా.

గొల్లకావడి అంటే ఆకాశంలో వరసగా కనపడే మూడు చుక్కలు, నీహారిక అంటే చుక్కల మధ్య మబ్బులాంటి వెలుగు. లెన్స్ స్థానంలో ఆయన సొంతంగా చేసుకున్న టెలిస్కోపు ఉంటుందట. దొంగల్ని పట్టే కెమెరాతో చుక్కల్ని పట్టాలనుకున్న మనిషిని అదే చూడటం. నేనే వచ్చి బిగిస్తానన్నాను.

వెళ్లాక అసలు సంగతి బయటపడింది. మేడ మీద మంచి జాగా అంతా టెలిస్కోపుదే. విత్తనం మిరపకాయలు ఆరబెట్టుకోవడానికి ఆయన భార్య రాజ్యం గారికి ఆ జాగా కావాలి. ఆవిడకి మోకాళ్ల నొప్పులు. ఎప్పుడో ఒకసారి మెట్లెక్కి, వంగి తొంగిచూస్తే ఏమీ కనపడలేదట. అందులో ఏముందో ఈసారైనా చూపించకపోతే విప్పించి అటకెక్కిస్తానన్నారు. మాస్టారు ఊ అనేశారు గానీ, అప్పట్నుంచీ అన్నం సయించడం లేదని నా దగ్గర వాపోయారు.

మామూలు ఫొటో కెమెరాతో అయితే టెలిస్కోపు చాలాసేపు అదరకుండా ఉండాలి. మా కెమెరాలో సెన్స్ అప్ అని ఒక సదుపాయం ఉంది. ఒకట్రెండు సెకన్ల వెలుతురు పోగుచేసి బొమ్మ చూపిస్తుంది, వెంటనే ఇంకోటి. ఒకటి అదిరినా తర్వాతది బాగుంటుంది. గెయిన్, అంటే సిగ్నల్ బలం, పెంచేకొద్దీ తెరమీద ఇసుక చల్లినట్టు ఉంటుంది, అంతే. మెట్లెక్కలేని మనిషి కోసం కేబుల్ కింద హాల్లోని టీవీకి దింపాను.

పొద్దుగూకింది. టీవీ నడిమధ్య పెద్ద నల్లమచ్చ. మాస్టారు పరుగున దిగొచ్చి, అది వెనకాల వెలుతుర్ని అడ్డుకునే నల్ల నీహారిక అని భార్యకు పాఠం మొదలుపెట్టారు. నాకెందుకో అనుమానం వచ్చింది. మేడెక్కి టెలిస్కోపుని కాస్త జరిపాను.

"చుక్కలన్నీ జరిగాయబ్బాయ్," కింద నుంచి రాజ్యం గారి కేక. "మచ్చ మాత్రం ఉన్నచోటే ఉంది."

కెమెరా ఊడదీసి చూద్దును కదా, వెలుతుర్ని పట్టే సెన్సార్ అద్దం మీద ఎర్రగా మిరప పొట్టు. పక్కన మిగిలిన కాస్త జాగాలో కాయలు ఎండుతుంటే నేను కెమెరా మూత తీసిన ఫలితం. బ్రష్షుతో తీస్తూ నేను తుమ్మాను, నా వెనకే మేడెక్కి వచ్చిన మాస్టారూ తుమ్మారు. సంగతి తెలిసి రాజ్యం గారు నవ్వీ నవ్వీ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. మాస్టారి ముఖం చూస్తే జాలేసింది. టెలిస్కోపు అటకెక్కినట్టే అనుకున్నాను.

మళ్లీ బిగించి, గొల్లకావడి కిందికి తిప్పాం. ఈసారి కింద నుంచి నవ్వూ లేదు, కేకా లేదు. భయపడుతూనే దిగాం.

ఆవిడ కుర్చీ టీవీ దగ్గరికి లాక్కుని కూర్చుని ఉన్నారు. తెరమీద రెక్కలు చాపిన తెల్లని మబ్బు, దాని గుండెలో చిన్న చిన్న చుక్కలు. బొమ్మ మారినప్పుడల్లా సన్నగా వణుకుతోంది.

"ఇది రోజూ అక్కడే ఉంటుందా?"

"ఉంటుంది. పన్నెండేళ్లుగా చెబుతూనే ఉన్నాగా," అన్నారు మాస్టారు.

"చెప్పారు. చూపించలేదు."

విత్తనం కాయలు కల్లంలోనే ఎండుతాయిలే అన్నారావిడ, టీవీ మీంచి చూపు తిప్పకుండానే. కెమెరా మూత మాత్రం ఇంట్లోనే తీయమని నన్ను హెచ్చరించారు.

కెమెరాలో దయ్యం కనపడుతోందని ఎవరైనా ఫోన్ చేస్తే, ముందు కెమెరా కదిపి చూడమంటాను. దయ్యం తెరమీద ఉన్నచోటే ఉంటే అది మన మిరప పొట్టు లాంటిదే. ఇంకొకటి కూడా ఆ ఇంట్లోనే నేర్చుకున్నాను. ఇప్పుడు ఎక్కడికెళ్లినా కెమెరా ఎక్కడ పెట్టాలని ముందు అడగను. చూసేవాళ్లు ఎక్కడ కూర్చుంటారని అడుగుతాను.