ముక్కుగారి రెండో ప్యాకెట్

మాంసం కొట్టులో ముప్పై ఏళ్లుగా కత్తి పట్టిన ఆయన్ని అందరూ ముక్కుగారనే పిలిచేవారు. సరుకు ప్యాకెట్ కోసి ఒక్కసారి వాసన చూసి "ఇది పనికిరాదు" అన్నాడంటే యజమాని కూడా నోరెత్తేవాడు కాదు. కోపం కూడా ముక్కు మీదే ఉండేది మహానుభావుడికి.

మొన్న చలికాలంలో వచ్చిన జ్వరం పోతూ పోతూ ఆ ముక్కును కూడా పట్టుకుపోయింది. సబ్బైనా కాఫీ అయినా ఆయనకు ఒకటే అయింది. ఆ సంగతి కట్టుకున్న ఆవిడకు కూడా చెప్పలేదు. కొట్టులో రంగు చూసి, వేలితో నొక్కి, ఎలాగో నెట్టుకొచ్చాడు.

ఇంట్లో గొడ్డుమాంసం మాగబెట్టడం ఆయనకున్న ఒకే ఒక్క సరదా. గాలి తీసేసి సీలు వేసిన ప్యాకెట్‌ను మూడు నాలుగు వారాలు ఫ్రిజ్ అడుగున ఉంచితే మాంసం తన రసంలోనే మెత్తబడుతుంది. చల్లదనం సున్నాకు ఒకటి రెండు డిగ్రీలు పైన, అంతే. ప్యాకెట్ ఉబ్బకూడదు, ఎక్కడా చిల్లు పడకూడదు. తెరవగానే కాస్త పుల్లటి వాసన వస్తుంది. పది నిమిషాల్లో పోవాలి. పోకపోతే చెత్తబుట్టలోకే. ఫ్రిజ్ తలుపు రబ్బరు వదులైంది, లోపల థర్మామీటర్ పెట్టమని కూతురు పోరితే, "నా ముక్కుండగా అదెందుకే?" అని కొట్టిపారేశాడు.

కిందటి ఆదివారం భార్య తన చెల్లెలి ఇంటికి వెళ్లింది. ఆయన మొదటి ప్యాకెట్ తెరిచి, వాసన చూసినట్టే తలాడించి, "బ్రహ్మాండంగా ఉంది" అన్నాడు. పైపైన కాల్చి కూతురికి పెట్టాడు. తనకెలాగూ రుచీ పచీ తెలియదు గనుక రెండు ముక్కలతో సరిపెట్టుకున్నాడు. మర్నాటికి పిల్ల వాంతులతో ఆసుపత్రి పాలైంది. ఆమె ఆఫీసు క్యాంటీన్ తిండే కారణమని ఇంట్లో అందరూ తిట్టిపోశారు. అందరికన్నా గట్టిగా తిట్టింది ఆయనే. తన కడుపులోనూ తిప్పిందన్న మాట మాత్రం బయటికి రానివ్వలేదు. సెలైన్ ఎక్కుతున్న ఐదు రోజులూ మంచం పక్కనే కూర్చుని, పిల్లను ఈ గతికి తెచ్చింది తనేనేమోనని కుమిలిపోయాడు.

నిన్న కూతురు ఇంటికొచ్చింది. మొదటిదానితో పాటే సీలు వేసిన రెండో ప్యాకెట్ ఇంకా ఫ్రిజ్‌లో ఉంది. ఈ ఉదయం దాన్ని కోసి, పళ్లెంలో పెట్టి, గడియారం చూస్తూ పది నిమిషాలు దాని మీదికి వంగి నిలబడ్డాడు. ఏమీ తెలియలేదు. తెలియాలంటే ఇంకొకరిని అడగాలి. ఆయనకు ప్రాణం పోయినంత పనైంది.

"ఏమే, ఒకసారి ఇలా రా. దీని వాసన చూసి చెప్పు."

భార్య గుమ్మంలోనే ముక్కు మూసుకుంది. "ఛీ ఛీ, కుళ్లు కంపు! ఇందులో ఎలా నిలబడ్డారండీ? మీకేమైంది?"

"నాకు ఏ వాసనా రావట్లేదు. మూడు నెలలైంది."

ఆవిడ వెళ్లి కిటికీ తెరిచింది. "పోనీలెండి. ఇది ఇంకో వారం ఎక్కువ ఉంది కదా, అందుకే పాడైందేమో. మొదటిది బాగానే ఉండుంటుంది" అంది, ఆయన మొహం చూడకుండా.

ఆ మాట పట్టుకుని బతికేయవచ్చు. ఆయనకు మనసొప్పలేదు. వాడిపోయి పడుకున్న కూతురి పక్కన వెళ్లి కూర్చున్నాడు.

"క్యాంటీన్ తప్పు కాదమ్మా. నేను పెట్టిందే. ఆ రోజు నాకు వాసన తెలియలేదు."

ఆమె గోడవైపు చూస్తూ చిన్నగా అంది. "నాకు తెలిసింది నాన్నా. ముక్క నోటి దగ్గర పెట్టుకోగానే కంపు కొట్టింది. నువ్వు బాగుందన్నావు కదా, నాదే పొరపాటనుకుని తినేశాను."