మరియమ్మ బండి ఉన్న గది

కొన్నేళ్ళుగా ఒక మాటను మోస్తున్నాను. చిన్న మాట. "మావాళ్ళు." ఎవరైనా రోజూ అనే మాటే. అందుకే దాని బరువు ఎవరికీ చెప్పుకోలేకపోయాను. మీరు నన్నెరుగరు. మీకు చెబుతాను.

నేను విజయవాడలో ఒక చిన్న విచారణకు, అంటే ఒక గుడి పరిధిలోని కతోలిక సంఘానికి, ఉపదేశిని. ఆదివారం పూజ అయ్యాక తిరుసభ బోధనలు చెబుతాను. సంఘీభావం గురించి చెప్పాల్సి వస్తే నాకు కాగితం అక్కర్లేదు. ఎవరి కష్టమో చూసి కాసేపు కరిగిపోవడం చాలదంటాను. అందరికీ అందరం బాధ్యులమని నిర్ణయించుకుని, ఆ నిర్ణయం మీద నిలబడాలంటాను. చెబుతుంటే గొంతు వణుకుతుంది. జనం అది భక్తి అనుకుంటారు.

గుడి వెనక వీధిలో మస్తాన్ ఉంటాడు. ఆటోనగర్‌లో వెల్డింగ్ పని. మరియతల్లి పుట్టినరోజు పండుగకు ఆమె స్వరూపాన్ని ఊరేగించే ఇనుప బండి అతను చేసిందే. "ఉపదేశిగారూ, మీ జనం తోసే తోపుడికి దీనికి బ్రేకులు కూడా పెట్టాలండీ," అని ఆ రోజు అందరినీ నవ్వించాడు. వాళ్ళమ్మ బీబమ్మ కొంగు నెత్తిన కప్పుకుని వచ్చి, బండిని చేత్తో తడిమి, "మన మరియమ్మ బండి బాగా కుదిరిందిరా," అంది. మరియం బీబీ అంటే ముస్లింలైన వాళ్ళకూ గౌరవమని నాకు తెలుసు. అయినా ఆ "మన" వినగానే నాలో ఏదో ముడుచుకుంది. మా తల్లి ఈవిడకెలా మన తల్లి అయింది?

ఒక ఏడాది పండుగకు వారం ముందు పేటలోకి వరద వచ్చింది. ఫాదర్‌గారు వేరే ఊళ్ళో చిక్కుకుపోయారు. గుడి పక్క మేడ తాళాలు నా దగ్గరున్నాయి. మధ్యాహ్నానికి మేడంతా జనంతో నిండింది, చివరి గది తప్ప. బండిని విప్పి ఆ గదికి చేర్చి, స్వరూపాన్నీ పట్టు తెరలనూ అందులోనే పెట్టి తాళం వేశాను.

మస్తాన్ తల్లిని వీపున ఎక్కించుకుని నడుంలోతు నీళ్ళలో వచ్చాడు. మెట్ల దగ్గర ఆగాడు.

"అమ్మకొక్కదానికి చోటు చూడండి ఉపదేశిగారూ. నా సంగతి నేను చూసుకుంటా."

"పైన మావాళ్ళే నిండిపోయారు మస్తాన్. చోటు లేదు."

"కూర్చునే ఉంటదండీ. పడుకోదు."

"లేదయ్యా."

అతను వాదించలేదు. "మీరు మాత్రం ఏం చేస్తారులెండి," అని వెనక్కి తిరిగాడు. వీపు మీంచి బీబమ్మ, ఫర్వాలేదన్నట్టు నాకు చేయి ఊపింది.

ఎందుకలా అన్నాను? తెరలు పాడవుతాయనా? అది తర్వాత వెతుక్కున్న కారణం. పైనున్నవాళ్ళు ఏమైనా అంటారనా? ఎవరూ అనేవారు కాదు, జరిగి కూర్చునేవారే. మేము అంటే ఎదుటివాడు బయట, మనం అంటే లోపల. ఆ గీత వరదకన్నా ముందే నాలో ఉంది. ఏళ్ళ తరబడి బోధిస్తూ కూడా దాన్ని నేను చూడలేదు, లేక చూసి ఊరుకున్నానా?

ఆమె పక్కింటి డాబా మీద, టార్పాలిన్ కింద, వాన వెలిసేదాకా ఉంది. తర్వాత ఆయాసం పట్టుకుంది. ఏడాది తిరక్కుండా పోయింది. వరద వల్లేనని మస్తాన్ ఎన్నడూ అనలేదు. నేనూ అనలేను. కాదని కూడా అనలేను.

ఫాదర్‌గారి ముందు పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో మోకరించి, "ఒక అబద్ధమాడాను ఫాదర్," అన్నాను. ఎవరితోనో, దేనికోసమో చెప్పలేదు. ఆయన పాపవిమోచనం ఇచ్చారు. నేను చెప్పిన ముక్కకే ఇచ్చారనుకుంటాను. మిగతాది నాతోనే ఇంటికొచ్చింది.

మస్తాన్ ఇప్పటికీ పండుగకు ముందు వచ్చి బండి చూస్తాడు. అతను రాకముందే దాన్ని కిందికి దింపించేస్తాను, అతను ఆ గదిలో అడుగుపెట్టకుండా. ఈసారి ఒక చక్రం వదులైంది. పైకే రమ్మన్నాను. అక్కడ నా నోరు పెగులుతుందో లేదో తెలియదు. విని అతను ఏమంటాడో అసలే తెలియదు. ముందు మీ దగ్గర పలికి చూస్తున్నాను.

ఆ రోజు చోటుంది, మస్తాన్. అమ్మ పడుకునేంత చోటుంది.