శనివారం అక్క మందుల సంచి

నా చిన్నప్పుడు మేము బహ్రెయిన్‌లో, మహూజ్‌లోని ఒక భవనం పై అంతస్తులో ఉండేవాళ్ళం. మా అమ్మ నర్సు. అక్కడ అందరికీ శుక్రవారం సెలవు. అమ్మ మాత్రం తోటి నర్సుల శుక్రవారం డ్యూటీలు తను చేసి, బదులుగా శనివారం ఇంట్లో ఉండేది. మేము యూదులం. గుంటూరు వైపు మాలాంటి కుటుంబాలు కొన్ని ఉన్నాయి. శుక్రవారం పొద్దుగూకే ముందు దీపాలు వెలిగించి, శనివారం పొద్దుగూకేదాకా పని ముట్టకపోవటం మా ఇంటి పద్ధతి.

మా అమ్మమ్మ ఊళ్ళో మంత్రసాని. దేవుడు రోగి తలవైపున ఉంటాడని, అందుకే రోగి నేల మీద పడుకుని ఉంటే మనం కుర్చీలో కూర్చోకూడదని ఆమె చెప్పేదట. అమ్మ నర్సయింది ఆ మాటలు వింటూనే.

తుబ్లీ క్యాంపులో ఉండే మన తెలంగాణ కూలీలకు మా అమ్మ పేరు తెలియదు. వాళ్ళకామె శనివారం అక్క. ఆ రోజు తప్పకుండా ఇంట్లో ఉంటుందని జ్వరమొచ్చినా, చెయ్యి తెగినా శనివారమే వచ్చేవాళ్ళు. అమ్మ తలుపు వెనక ఉండే మందుల సంచి తీసుకుని వెళ్ళేది. "మీరు చర్చోల్లు గాదా అక్కా? మరి ఆదివారం డ్యూటీకి పోతవేంది?" అని వాళ్ళు నవ్వేవాళ్ళు. అమ్మా నవ్వేది.

నవ్వలేనిదాన్ని నేను. ఒకరోజు కింది అంతస్తులోని ఆంటీ నా జడ వేస్తూ, "యూదులైతే ఇశ్రాయేలులో ఉంటారు గానీ గుంటూరులో ఎక్కడినుంచి పుట్టుకొస్తారే?" అంది. ఆ మాట నాలో ముల్లులా ఉండిపోయింది. నాకప్పుడు పదకొండేళ్ళు. మనామాలోని గ్రంథాలయానికి వెళ్ళి, మా మతం గురించిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకం ఒకటి వెతికి పట్టుకుని, నిఘంటువు పక్కన పెట్టుకుని ఒక్కదాన్నే చదివాను. ఆ వయసులో అలాంటి పుస్తకం ఎవరు చదువుతారని నాకు గర్వంగా ఉండేది. శనివారం చెయ్యకూడని పనుల జాబితా అందులో ఉంది. చిట్టచివరిది, ఇంట్లో వస్తువును వీధిలోకి మోసుకుపోవటం. నేను పుస్తకం అక్కడే మూసేశాను. మా అమ్మ ప్రతి శనివారం చేస్తున్నది సరిగ్గా అదే. అందుకే మేము యూదులమంటే ఎవరూ నమ్మటం లేదనుకున్నాను.

ఆ శుక్రవారం అమ్మ దీపాలు వెలిగించి, రెండు చేతులతో కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తుండగా, నేను సంచి తీసుకుపోయి మేడమీద నీళ్ళ ట్యాంకు వెనక దాచాను.

మర్నాడు మధ్యాహ్నం ఒకతను తలుపు దబదబా బాదాడు. "అక్కా, మా తమ్మునికి ఊపిరి ఆడ్తలేదు. జల్ది రా అక్కా!"

తమ్ముడికి ఉబ్బసమట. ఆసుపత్రికి ఎందుకు తీసుకుపోలేదని అమ్మ అడిగింది. "ఆనికి కాయితాలు లేవక్కా. కఫీల్ను ఇడ్సి ఉరికొచ్చిండు. దొరికితే ఖలాస్." పనికి రప్పించుకున్న యజమానిని వదిలి పారిపోయినవాడు ఆసుపత్రి గుమ్మం తొక్కటానికి కూడా భయపడేవాడు.

"ముందు సూది వేసి, తర్వాత నేనే తీసుకుపోతా పద," అంటూ అమ్మ తలుపు వెనక చెయ్యి పెట్టింది. "నా బ్యాగేదే?"

నాకు తెలియదన్నాను. అమ్మ మంచాల కింద చూసింది, బీరువా చూసింది, వంటగదిలో చూసింది. అతను మెట్లమీద నిలబడి "యల్లా అక్కా, యల్లా" అంటూనే ఉన్నాడు. అలా పావుగంట పోయింది. చివరికి అమ్మ ఉత్త చేతులతోనే చెప్పుల్లేకుండా బయలుదేరింది. ఆ ఉత్త చేతులు చూశాక నేను తట్టుకోలేకపోయాను. మేడమీదికి పరుగెత్తి సంచి తెచ్చి ఇచ్చాను. అమ్మ నావైపు ఒక్కసారి చూసింది. సంచితో పాటు నా చెయ్యి కూడా పట్టుకుని లాక్కుపోయింది.

క్యాంపు గదిలో ఆ తమ్ముడు బియ్యం బస్తాకి ఆనుకుని నేలమీద ఉన్నాడు. మీసాలు సరిగ్గా రాని ముఖం. పెదవులు నల్లబడ్డాయి. అమ్మ సూది వేసింది, గుండెమీద చేతులుంచి నొక్కింది, నోట్లోకి ఊపిరి ఊదింది. ఎంతోసేపు. తర్వాత ఆపేసి, పక్కనే నేలమీద కూర్చుని అతని చేతిని తన చేతిలోకి తీసుకుంది. నేను నిలబడే ఉన్నాను. అమ్మ నావైపు చూడకుండానే నా గౌను అంచు పట్టుకుని కిందికి లాగింది.

"జర ముందుగాల వస్తే బతుకుతుండెనా అక్కా?" అన్నాడు అన్న.

"బ్యాగు ఎక్కడో పెట్టి మర్చిపోయా తమ్ముడూ. తప్పు నాదే," అంది అమ్మ.

ఆ గదిలో ఒక్కరూ ఆమెను తిట్టలేదు. కానీ ఆ తర్వాత ఏ శనివారమూ మా తలుపు ఎవరూ కొట్టలేదు. అమ్మ మాత్రం ఉతికిన చీర కట్టుకుని, సంచి ఒళ్ళో పెట్టుకుని, పొద్దుగూకేదాకా కూర్చునేది.

ఆ రోజు ఇంటి మెట్లెక్కుతూ నాతో, "ముందొచ్చినా ఇంతేనే. వాళ్ళు పిలవటమే ఆలస్యంగా పిలిచారు," అంది. నాకు ఆ మాట అవసరమైంది. నమ్మాను.

నర్సునయ్యాక ఉబ్బసం రోగులను ఎందరినో చూశాను. వేళకు సూది పడి పది నిమిషాల్లో మంచినీళ్ళు అడిగినవాళ్ళు ఉన్నారు. అలాంటి ఒక రోజు డ్యూటీ నుంచి తిన్నగా గ్రంథాలయానికి వెళ్ళి, ఆ పాత పుస్తకం తీసి, నేను ఆపేసిన పేజీ తిప్పాను. తర్వాతి పేజీలోనే ఉంది. ప్రాణం మీదికి వస్తే శనివారం నియమాలేవీ అడ్డు రావట. అలాంటప్పుడు వెళ్ళవచ్చా లేదా అని అడుగుతూ ఆలస్యం చేసినవాడు రక్తం చిందించినవాడితో సమానమట.

అమ్మ చివరి రోజుల్లో ఆమె మంచం పక్కన నేలమీద కూర్చుని, ఆ రోజు ముందే వెళ్ళి ఉంటే బతికేవాడా అని అడిగాను. అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

నర్సువి ఎందుకయ్యావని ఎవరైనా అడిగితే మా దేవుడి పేరు, మా అమ్మమ్మ పేరు చెబుతాను. అది నిజమే, కానీ సగం నిజం. మిగతా సగం బియ్యం బస్తాకి ఆనుకుని ఉంది.

ఇప్పటికీ బహ్రెయిన్‌లోనే ఉన్నాను. శుక్రవారం సాయంత్రం దీపాలు వెలిగించే ముందు మందుల సంచి తెచ్చి గుమ్మంలో, లోపలికి వచ్చేవాళ్ళ కాలికి తగిలేంత దగ్గరగా పెడతాను. తలుపు గడియ తీసి, ఆ తర్వాతే కళ్ళు మూసుకుంటాను. కళ్ళు తెరిచేసరికి సంచి పెట్టినచోటే ఉంటుంది. ఎవరూ రారు.