మా కాపురానికి అత్త చెప్పిన సాక్ష్యం

మాది నిజమైన పెళ్లేనని ఒక ప్రభుత్వాన్ని ఒప్పించే పనిలో ఉన్న ఆ రోజుల్లో, ఎలాంటి చిక్కుకైనా పుస్తకాలు చదివినవాడికి దారి దొరుకుతుందని నాకు గట్టి నమ్మకం ఉండేది. నా భార్య ఆస్ట్రేలియాలో నర్సు. సెలవు మీద వచ్చి నన్ను పెళ్లి చేసుకుని, ఆరు నెలలు బెంగాల్లోని లిలువాలో మా ఇంట్లో ఉండి తిరిగి వెళ్లింది. మాది వీసా కోసం చేసుకున్న పెళ్లి కాదని రుజువైతేనే నన్ను ఆమె దగ్గరికి రానిస్తారు. మొదటిసారి కాదన్నారు. రెండోసారీ కాదంటే ఉద్యోగం వదిలి వచ్చేస్తానని ఆమె ఫోనులో ఏడ్చింది. ఈసారి ఫోటోలతోపాటు మా ఫోను సందేశాలన్నీ అచ్చు వేయించి పంపాను (మూడు వందల పేజీలు, సగానికి పైగా 'తిన్నావా', 'తిన్నాను'). సాక్షిగా నన్ను పెంచిన మేనత్త పేరు ఇచ్చాను. ఏం చెప్పాలో వారం రోజులు నేర్పాను.

వీసా అధికారి ఒకరోజు ఉదయం ఫోను చేశాడు. అతని మాటలను తెలుగులో చెప్పడానికి మధ్యలో ఇంకొకాయన ఉన్నాడు. నన్ను బయటికి వెళ్లమన్నారు. అత్తకు చెవులు సరిగా వినపడవు కాబట్టి ఫోను స్పీకర్లో గట్టిగా పెట్టాం. వంటింట్లో నిలబడినా అంతా వినిపించింది.

"అమ్మా, వాళ్లిద్దరూ సంతోషంగా ఉండేవారా?"

"ఏటి సంతోషం బాబూ. ఏదో ఉన్నారు."

అత్తకు దిష్టి భయం. చంటిపిల్ల బొద్దుగా ఉందని కూడా పైకి అనదు. అలాంటి మనిషి పచ్చని కాపురాన్ని పరాయివాళ్ల ముందు పొగుడుతుందని నేనెలా అనుకున్నానో నాకే తెలియదు.

"పోట్లాడుకునేవారా?"

"పోట్లాటే మరి. ఆ పిల్ల పక్కింటి బెంగాలీ ఆవిడ దగ్గర నేర్చుకుని పప్పులో పంచదార ఏసింది. ఈడికది పడదు. అయినా రెండు నెలలు నోరు మూసుకుని తిన్నాడు. ఆనక సెప్పాడు. మరి ముందే ఎందుకు సెప్పనేదని ఆ పిల్ల రెండ్రోజులు మాటాడ్నేదు."

"తర్వాత?"

"తర్వాతేటుంది. ఆ పిల్ల ఎల్లిపోయిన కాడ్నించి ఈడే పప్పులో పంచదార ఏసుకుని తింతన్నాడు."

అవతలివాళ్లు థాంక్స్ చెప్పి ఫోను పెట్టేశారు.

"నా కాపురం ముంచేశావు అత్తా," అన్నాను.

"బాగున్నారని సాటి సెప్తే నిలుస్తాదేట్రా? ఊరుకో."

ఆవిడతో తొమ్మిది రోజులు మాట్లాడలేదు. కంచం పెట్టి తను అటు తిరిగి కూర్చునేది. మూడు వారాలకు వీసా వచ్చింది. ఎందుకు ఇచ్చారో అందులో రాయలేదు. అత్తకు చెబితే, "విమానం ఎక్కీదాకా ఎవులికీ సెప్పకు," అంది.

"తనక్కూడానా?"

"ఆ పిల్లకి సెప్పు. నీ ఆఫీసోళ్లకి మాత్రం సెప్పకు."

అత్త పోయి ఏడాది కావస్తోంది. ఆ తొమ్మిది రోజులకు క్షమించమని నేను అడగనేలేదు. దిష్టీ గిష్టీ ఏమీ లేవని భవానీపూర్‌లోని మా ఆఫీసులో భోజనాల వేళ అందరితో వాదించిన ఆ యువకుడు మాత్రం (అప్పటి నేనే), ఆవిడ మాట మీరలేక, కడుపునొప్పి అని సెలవు చీటీ రాసిచ్చి దేశం దాటాడు. రాజీనామా అక్కడికి చేరాక పంపాడు. వాణ్ణి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.