గుంజ చుట్టూ అరిగిన నేల

నా చిన్నప్పుడు మా ఇంటి పంచను నాలుగు వేపగుంజలు మోస్తుండేవి. వాటిలో వాకిలి వైపు గుంజ మిగతా మూడింటికంటే నున్నగా ఉండేది. అదీ మనిషి చెయ్యి ఆనే ఎత్తున కాదు, మోకాలి ఎత్తున. ఆ ఇల్లు పడిపోయి చాలా ఏళ్లయింది. ఆ నునుపు మాత్రం నా అరచేతికి ఇంకా తెలుస్తూనే ఉంటుంది. చెప్పవలసిన మనిషికి చెప్పలేకపోయాను కాబట్టి మీకు చెబుతున్నాను.

మాది మర్రిగూడ వైపు మెట్ట ఊరు. మాకు గొర్రెలే పంట. చలి తగ్గి గడ్డి మాడిపోగానే మా నాయిన, ఆయన తల్లి మా అవ్వ, మందను తోలుకుని కృష్ణ ఒడ్డుకు వెళ్లేవాళ్లు. మళ్లీ వానలు పడ్డాకే రావడం. అన్ని నెలలూ ఇంట్లో అమ్మ, నేను, దోగాడే నా తమ్ముడు మాత్రమే ఉండేవాళ్లం. అమ్మ పొద్దున్నే కూలికి పోయేది. చేలల్లో పని లేని రోజుల్లో బావుల పూడిక తీయడానికి పోయేది. నాకు ఎనిమిదేళ్లు. ఒక ఏడాది బడికి వెళ్లాను గాని, తమ్ముడు పుట్టాక నన్ను మాన్పించారు. వాణ్ణి చూసుకోవడమే నా పని అయింది.

మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు నీళ్లకు పోవాలంటే పాత చీర పేలికతో పసివాడి నడుముకు ఒక ముడి, గుంజకు ఒక ముడి వేసి పోయేవాళ్లం. బావి దూరం, వాకిట్లో పొయ్యి. ఎవరూ దాన్ని తప్పనుకోలేదు. అమ్మ కూడా పోయేటప్పుడు చెప్పేది: "నీళ్లు తెచ్చేంత సేపే కట్టు బిడ్డా. కుండ దించంగనే ఇప్పు."

మొదట్లో అట్లాగే చేశాను. తర్వాత ఒకనాడు కుండ దించాక వెంటనే విప్పలేదు. బడి దాకా పోయి బయట గోడకు ఆనుకుని నిలబడి లోపల చెబుతున్న ఎక్కాలు విన్నాను. ఇంటికొచ్చేసరికి తమ్ముడికి ఏమీ కాలేదు. మర్నాడు వాడి చేతికి జొన్నరొట్టె ముక్క ఇచ్చి, కట్టి, పొద్దెక్కేదాకా బడి గోడ దగ్గరే ఉన్నాను. బడి కోసమే కట్టానని చెప్పుకుంటే నాకు కాస్త ఊరటగా ఉండేది. కానీ అబద్ధం రాయను. బడి విడిచాక కూడా ఇంటికి పోలేదు. తోటి పిల్లలతో కూర్చుని పొద్దు తిరిగేదాకా గచ్చకాయలు ఆడాను. ఒకరోజు కాదు, నెలల తరబడి. పగలు వాడంతా కూలికి పోయేది, చూసేవాళ్లు లేరు.

కొన్నాళ్లు వాడు ఏడ్చాడు. తర్వాత మానేశాడు. అలవాటు పడ్డాడు, మంచివాడు అనుకున్నాను. పసిబిడ్డ ఏడుపు మానడం ఎప్పుడూ మంచి గుర్తు కాదని నా పిల్లల్ని, వాళ్ల పిల్లల్ని పెంచాక గాని నాకు బుద్ధి రాలేదు. వాడు గుంజ పట్టుకుని లేచేవాడు, దాని చుట్టూ తిరిగేవాడు, మళ్లీ కూర్చునేవాడు. పేలిక ఎంత పొడవో అంత మేర నేల మీది అలుకు గుండ్రంగా అరిగిపోయింది. సాయంత్రం అమ్మ వచ్చే వేళకు పేడనీళ్లు కలిపి ఆ గుండ్రాన్ని అలికేసేదాన్ని. అది చూసి వాడవాళ్లు, ఇంత చిన్నపిల్ల ఎంత పనిమంతురాలో అని మెచ్చుకునేవాళ్లు. ఆ మెప్పును కూడా తీసుకున్నాను.

ఆ ఏడు వానలు ఆలస్యంగా పడ్డాయి. మంద తిరిగి వచ్చేసరికి తమ్ముడికి ఏడాదిన్నర దాటింది. వాడి ఈడు పిల్లలు వాకిళ్లలో ఉరుకుతున్నారు. వీడు ఎక్కడ దించితే అక్కడే కూర్చునేవాడు. పగలంతా ఇంట లేని అమ్మ రాగానే వాణ్ణి చంకనెత్తుకునేది. నడకెందుకు రాలేదో ఆమెకు అర్థం కాలేదు. పక్కింటి పెద్దమ్మకు మాత్రం వెంటనే అర్థమైంది.

"కడుపుతోని ఉన్నప్పుడు గ్రహణం నాడు వంకాయలు కోసినవ్ గాదే? నా కండ్లార సూసిన. గదే పిల్లగాని కాళ్లకు కొట్టింది."

"తెల్వకపాయె అక్కా," అంది అమ్మ. "గప్పుడే కూలి నుంచి వచ్చిన. ఆకలైతుండె."

"నీకు ఆకలైందని గ్రహణం ఆగుతదా?"

ఆ మాట వాడంతా పాకింది. మా నాయిన అమ్మను తిట్టలేదు. కాని ఆనాటి నుంచి వంకాయ కూర వండితే ముట్టుకోవడం మానేశాడు. అమ్మ సోమవారాలు ఒక్కపొద్దు ఉండి, తడిబట్టలతో మల్లన్న గుడి చుట్టూ తిరిగింది. ఎవరో చెప్పారని నాయిన వాకిట్లో వాడి నడుము లోతు గుంత తవ్వి, వాగు ఇసుక పోసి, సాయంత్రాలు తమ్ముణ్ణి అందులో నిలబెట్టేవాడు. కాళ్లకు సత్తువ వస్తుందని ఆశ. వాడు ఇసుకలోంచి చేతులు చాచి నా వైపే చూసి ఏడ్చేవాడు. పగలంతా వాడికి తెలిసిన మొహం నాదే గదా. నేను పొయ్యి ఊదుతున్నట్టు తల తిప్పుకునేదాన్ని. ఒక్క మాట చెబితే గుంత పూడుతుంది, అమ్మ మీది నింద పోతుంది. నేను పొయ్యే ఊదుతూ కూర్చున్నాను.

మా అవ్వ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. వచ్చిన నాలుగో రోజో అయిదో రోజో ఆ గుంజకు ఆనుకుని కూర్చుని, ఊరికే అరచేత్తో దాన్ని నిమిరింది. మళ్లీ నిమిరింది.

"గీ గుంజకు గొర్రెలను కడ్తున్నరా ఏంది?" అని అడిగింది.

"లేదత్తా, గొర్రెలు గీడికెందుకొస్తయి?" అంది అమ్మ.

గొర్రెలు రోజూ రాసుకుంటే దొడ్డి గుంజ నున్నబడుతుంది. జన్మంతా వాటితో బతికిన మనిషికి ఆ నునుపు తెలియదా? అవ్వ తల తిప్పి నా చేతిలోని అలుకు కుండను ఒకసారి చూసింది.

ఆ వారంలోనే మందలో ఒకే రోజు రెండు పిల్లలు పుట్టాయి. తల్లులు మేతకు పోతే లేతపిల్లల్ని గంప కింద కమ్మి ఉంచడం మా వాళ్ల పని తీరు. కాళ్లు గట్టిపడగానే వదిలేస్తారు. అవ్వ అందులో ఒక పిల్లను మూడో రోజే వదిలేసింది. రెండోదాన్ని నాకు అప్పగించింది. "నేను జెప్పేదాక గంప తియ్యకు. పొద్దుమీకి మంద రాంగనే తల్లినే దీని కాడికి తెస్త," అంది. ఎందుకని నేను అడగలేదు. అడిగే మొహం ఎక్కడిది?

అట్లా పక్షం రోజులు గడిచాయి. ఒక మధ్యాహ్నం అమ్మ, నాయిన ఇంట్లో లేనప్పుడు అవ్వ నన్ను పిలిచి గంప ఎత్తమంది. ఎత్తాను. దాని జోడు పిల్ల వాకిలంతా గెంతుతోంది. ఇది మాత్రం నిలబడిన చోటే నిలబడింది. గంప అంచు నేలలో వేసిన గుండ్రటి గీత దాకా వచ్చి, మూతితో వాసన చూసి, వెనక్కి తిరిగింది. మళ్లీ అటు వైపు పోయి, మళ్లీ తిరిగింది. గంప నా చేతిలోనే ఉంది. దానికి మాత్రం ఇంకా నెత్తి మీదే ఉన్నట్టుంది.

"దీని కాళ్లకు ఏ రోగం లేదు బిడ్డా," అంది అవ్వ. "దీనికి దునియా గంపంత. మీ తమ్మునికి గుంజ కాడికి."

గంప నా చేతిలోంచి జారిపోయింది. కొడుతుందేమో అనుకున్నాను. కొట్టి ఉంటే ఏడ్చి మరిచిపోయేదాన్నేమో. అవ్వ కొట్టలేదు, తిట్టలేదు. గంప తీసి గోడకు ఆనించి, "కమ్మిన చెయ్యే ఇడిపియ్యాలె," అంది. అంతే.

తమ్ముణ్ణి తెచ్చి గుంజ దగ్గర దించాను. ఈసారి పేలిక లేదు. బెల్లం ముక్క చూపిస్తే గుంజ పట్టుకుని లేచాడు, చెయ్యి వదిలి దోగాడుతూ వచ్చాడు, సరిగ్గా పేలిక పొడవు దగ్గర ఆగిపోయాడు. నడుము దగ్గర చేత్తో తడుముకున్నాడు. అక్కడ ఏమీ లేదు. అయినా చతికిలబడి కూర్చుని, ఏడవకుండా నన్ను చూశాడు. ఆ చూపును నేను ఈ రోజుకీ దాటలేకపోయాను.

అప్పటి నుంచి గచ్చకాయలు లేవు, బడి గోడా లేదు. ఆ గొర్రెపిల్లనూ వాణ్ణీ ఒకే చోట వదిలి ఎదురుగా కూర్చునేదాన్ని. రోజుకు ఒక జానెడు వెనక్కి జరిగేదాన్ని. తొందరపడి చెయ్యి పట్టి లాగితే అవ్వ ఊరుకునేది కాదు. "చెయ్యిబట్టి గుంజకు. వానికే రావాలె," అనేది. గొర్రెపిల్ల ముందు నేర్చుకుంది. ఒక పొద్దున అది గీత దాటి గెంతింది. దాని తోక పట్టుకోవాలని వీడు చేతులు చాచి మూడడుగులు వేశాడు, పడ్డాడు, లేచి ఇంకో రెండు వేశాడు. నేను గట్టిగా ఏడ్చాను. అవ్వ మాత్రం గొంగడి దులుపుకుంటూ, "ఇగ వాని ఎంట ఉరుకు. గది నీ శిచ్ఛ," అని నవ్వింది.

నాయిన ఆ సాయంత్రమే గుంత పూడ్చాడు. అమ్మ, మల్లన్న తన తప్పు మన్నించాడని కొబ్బరికాయ కొట్టి వచ్చింది. పక్కింటి పెద్దమ్మ తన మాటే నిజమైందని మురిసింది. అవ్వ నన్ను దొడ్డి వెనక్కి పిలిచి, "మీ అమ్మకు నువ్వే జెప్పు. నేను జెప్తే అది చాడీ అయితది," అంది. సరేనన్నాను. రేపు, కోతలయ్యాక, తమ్ముడు గట్టిగా నడిచాక అనుకుంటూ పోయాను. అవ్వ కాలం చేసింది. మళ్లీ గుర్తు చేసేవాళ్లు లేకపోయారు.

తమ్ముడు పెద్దవాడై మంద వెంట కోసుల కొద్దీ నడిచాడు. ఇప్పటికీ మా ఇంటికొస్తే గడప దగ్గర ఆగి, రమ్మన్నాకే లోపలికి వస్తాడు. మర్యాద తెలిసినవాడని నా కోడళ్లు అంటారు. నాకు అది మర్యాదగా కనిపించదు.

అమ్మ ఆ నింద మోస్తూనే ముసలిదై కన్నుమూసింది. నేను మొదటిసారి కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం వస్తే, నన్ను చీకటింట్లో పడుకోబెట్టి, తలుపు దగ్గర తానే కాపలా కూర్చుంది. "నేను జేసిన తప్పు నువ్వు జెయ్యకు బిడ్డా," అంది. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. చీకట్లో కళ్లు మూసుకుని నిద్ర నటించాను.

ఇంట్లో నన్ను కఠినురాలనీ, పిసినారి అనీ అంటారు. నిజమే. అన్నం మెతుకు పారేస్తే ఊరుకోను, చిరిగిన గుడ్డనైనా దాచిపెడతాను. కానీ దోగాడే పిల్ల ఎటు పోతే అటు వెనకాల పోతాను తప్ప ఆపను. నా మోకాళ్లు నొచ్చినా సరే.

మొన్న గ్రహణం నాడు నా మనవరాలు నిండు నెలలతో ఒక మూల ముడుచుకుని కూర్చుంది. ఆకలేస్తోందంది. నేను లేచి కూరలు కోసే ఈలపీట తెచ్చి ఆమె ముందు పెట్టి, వంకాయల గిన్నె పక్కన పెట్టాను. "కొయ్యి బిడ్డా, ఏం గాదు," అన్నాను. ముసలిదానికి మతిపోయిందని కోడలు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. ఎవరేమన్నా కదలలేదు. ఆమె కోసినంతసేపూ ఎదురుగా కూర్చుని ఒక్కొక్క ముక్కా నీళ్లలో పడటం చూశాను. ఆ నాలుగు మాటలు మా అమ్మతో అనవలసినవి. ఎవరితో అన్నా, ఆమెకు వినిపించవు.