తనిఖీ అధికారికి పట్టని కుర్చీ

పెళ్లయిన పదకొండేళ్లలో మా ఇంట్లో ఒక్క అట్టపెట్టె కూడా నిలవలేదు. చెప్పుల పెట్టె, బల్బుల పెట్టె, ఆఖరికి పక్కింటివాళ్ల ఫ్రిజ్ పెట్టె కూడా మా ఆయన వెంట బడికి పోయాయి. కిందటేడు మిక్సీ కొన్నప్పుడు దాని పెట్టెను పాత దుప్పట్లో చుట్టి బీరువా మీద దాచాను. గ్యారంటీ కోసమేమీ కాదు. ఈ కొంపలో నాదంటూ ఒక్క పెట్టయినా ఉండాలని పంతం.

ఆయన చిన్నపిల్లల బడిలో చేతిపని మాస్టారు. ఒక వస్తువును ఆలోచించి, గీసి, చేసి, పనిచేస్తుందో లేదో చూడడం నేర్పుతాడు. పిల్లలు అట్టల సార్ అని పిలుస్తారు. అదే బడిలో నేను మూడో తరగతికి లెక్కలు చెబుతాను. మా రెండు గదుల మధ్య ఉన్న తలుపు సరిగ్గా పడి చావదు. అటు నుంచి కత్తెరల చప్పుడు, నవ్వులు ఇటు వస్తాయి. ఇటు నుంచి నా అరుపులు అటు పోతాయి.

ఆయన పాఠమంతా మూడు ప్రశ్నలే. ఎవరికి? ఎందుకు? ఎక్కడ ఇబ్బంది? ఇవి అడగందే ఎవరినీ కత్తెర ముట్టుకోనివ్వడు. ఒకసారి బడి వంటావిడకి పిల్లలు గరిటెల స్టాండు చేశారు. గరిటెలు పెట్టగానే అది బోర్లా పడింది. ఇంకొకరైతే నాలుగు చీవాట్లు పెట్టి తామే అతికించేవారు. ఈయన పిల్లల్ని ఆవిడ ముందు వరసగా నిలబెట్టి, "అమ్మా, ఎక్కడ ఇబ్బంది?" అని అడిగించాడు. పాపం, ఆవిణ్ణి ఆ మాట అడిగినవాళ్లే లేరేమో, స్టాండుతో మొదలుపెట్టి, పొయ్యి మీదుగా వాళ్ల అత్తగారి దాకా వెళ్లింది. పిల్లలు అన్నీ రాసుకున్నారు.

"మరి అత్తగారికి ఏం చేద్దాం సార్?" అంది రెండు పిలకల పిల్ల.

ఈ పిలకల పిల్ల నా తరగతే. నెల రోజులుగా దానికి తీసివేతలు చెబుతున్నాను. కింద పెద్ద అంకె ఉంటే పక్క స్థానం నుంచి పది తెచ్చుకోవాలని బోర్డు మీద చెప్పాను, గుండీలు పేర్చి చెప్పాను, చివరికి బతిమాలాను. "అయిదులోంచి ఎనిమిది ఎలా తీస్తావే?" అంటే, "రాదు టీచర్, వదిలేద్దాం" అంటుంది. మిగతా పిల్లలు కూడా అవునవును వదిలేద్దామంటారు. నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

అలాంటప్పుడే మా పెద్ద మేడమ్ నన్ను పిలిచింది. "లెక్కల్లో మన పిల్లలు మరీ వెనకబడ్డారమ్మా. వచ్చే వారం తనిఖీ ఉంది. అధికారి ఊఁ అంటే చేతిపని పీరియడ్లన్నీ మీకిచ్చేస్తాను. మాస్టారు ఆఫీసులో హాజరు పట్టీలు చూసుకుంటారు. ఏమంటారు?"

నేను కాదనలేదు. దాచడమెందుకు, ఆ పీరియడ్లు నాకు కావాలి.

సాయంత్రం ఇంటికొచ్చి చెబితే ఆయన అన్నం కెలుకుతూ కూర్చున్నాడు. "నీక్కూడా అదే కావాలా?" అన్నాడు.

"పిల్లలకి లెక్కలు రావాలండీ! మీ అట్టలు ముక్కలు చేస్తే వస్తాయా?" అని కసిరాను. ఆ తర్వాత నా మీద నాకే మండిపోయి గిన్నెలు దబదబా తోమాను. కత్తెర పట్టనివ్వకుండా ఆ మనిషిని పట్టీల ముందు కూర్చోబెడితే వారంలో మంచం పడతాడు. నాకు తెలియదా?

ఆయనేమో తనిఖీ రోజుకి కుర్చీ తలపెట్టాడు. అట్టతోనే. పెద్ద మేడమ్‌కి మోకాళ్ల నొప్పి, ఆసరా లేనిదే లేవలేదు. పిల్లలు మూడు ప్రశ్నలూ అడిగి, కొలతలు తీసి, చేతులున్న కుర్చీ గీశారు. చేతుల మధ్య ముప్పై ఎనిమిది సెంటీమీటర్లు. అట్టలో చారలు నిలువుగా ఉంటేనే బరువు ఆపుతుందట, అడ్డంగా ఉంటే మడతపడుతుందట. అలా కోసి, గాట్లు పెట్టి, ఒకదాంట్లో ఒకటి దూర్చారు. నలభై మంది పిల్లలూ కూర్చుని చూశారు. మా ఆయన కూర్చున్నాడు. మేడమ్ కూర్చుని, హాయిగా లేచింది. ఇంకేం, అంతా భేష్ అనుకున్నారు. మేడమ్ సన్నం, మా ఆయన పుల్ల, పిల్లలు పిల్లలు. ఆ సంగతి ఒక్కరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు లెండి.

తనిఖీ అధికారి నిండైన మనిషి. గదిలోకి వస్తూనే, "అట్టతో కుర్చీయా? ఆగుతుందా?" అంటూ ఎవరినీ అడక్కుండా అందులో కూలబడ్డాడు. నేను తలుపు సందులోంచి చూస్తున్నాను. కుర్చీ కిర్రుమంది, కానీ ఆగింది. "భలే!" అని ఆయన లేచాడు. ఆయనతోపాటు కుర్చీ కూడా లేచింది.

వెనక ఎవరు లాగుతున్నారా అని తిరిగాడు. కుర్చీ కూడా తిరిగి, బల్ల మీది జిగురు డబ్బాను పడేసింది. మేడమ్ "అయ్యయ్యో!" అంటూ పట్టుకుని లాగితే కుర్చీ, అధికారి, మేడమ్ ముగ్గురూ గోడ దాకా వెళ్లారు. అయిపోయింది, మా ఆయన పీరియడ్లు పోయినట్టే. నాకు రావలసినవే వస్తున్నాయి, అయినా ఏడుపొచ్చింది.

ఒక్క పిల్లా నవ్వలేదు. పిలకల పిల్ల నోటుపుస్తకం తీసుకుని ముందుకెళ్లింది.

"సార్, ఎక్కడ ఇబ్బంది?"

అధికారి అటూ ఇటూ చూశాడు. "ఇక్కడేనమ్మా. రెండు పక్కలా."

"రెండు పక్కలా," అని రాసుకుంది. "ఎప్పట్నుంచి?"

"ఇప్పుడేగా!"

నలుగురు పిల్లలు కలిసి కుర్చీ చెయ్యి ఒకటి కోసి ఆయన్ను విడిపించారు. బెంచీ మీద కూర్చోబెట్టి, అటొక పుస్తకం ఇటొక పుస్తకం ఆనించి, మధ్యలో టేపు పట్టారు. నలభై అయిదు.

"మనం పెట్టింది ముప్పై ఎనిమిది," అంది పిలకల పిల్ల. "అయిదులోంచి ఎనిమిది రాదు. పక్క నుంచి పది తెచ్చుకో, పదిహేను. పదిహేనులో ఎనిమిది పోతే ఏడు. ఒరేయ్, ఏడు తగ్గింది! లేవడానికి ఇంకో రెండు వేసి తొమ్మిది జరపండి!"

నేను తలుపు తోసుకుని వెళ్లిపోయాను. "ఏమే, నిన్న రాదన్నావు కదే!"

"నిన్న ఎవరూ ఇరుక్కోలేదుగా టీచర్," అంది, తలెత్తకుండా.

అధికారి చొక్కా సర్దుకుని నన్ను అడిగాడు. "లెక్కల టీచర్ మీరేనా? ఈ పీరియడ్లు మీకు కావాలట?"

మా ఆయన నా వంక చూడలేదు. కోసిన అట్ట చెయ్యి పట్టుకుని నేల చూస్తున్నాడు.

"వద్దండీ," అన్నాను. "లెక్కలు ఇక్కడే వస్తున్నాయి. ఆయన్ని ఇక్కడే ఉంచండి."

అధికారి రిజిస్టరులో అదే రాసి, కుర్చీ సరిచేశాక కబురు చేయమని వెళ్లాడు. ఆ సాయంత్రం ఇంటికొచ్చాక నేను స్టూలెక్కి బీరువా మీది దుప్పటి మూట దించి విప్పాను. ఆయన కళ్లు ఇంతింతయ్యాయి. చెయ్యి చాచబోతే ఒక్కటి వేశాను.

"ముట్టుకోకండి! రేపు నా తరగతికి."

"ఎవరికి? ఎందుకు?" అన్నాడు, నవ్వు ఆపుకోలేక.

"ముందు కత్తెరెక్కడుందో చెప్పండి," అన్నాను.