నంబరు లేని పాట

కొత్త బియ్యం బస్తా మూతి విప్పినప్పుడు ఒక వాసన వస్తుంది. కొంచెం తవుడు, కొంచెం ఎండుగడ్డి, వాటి అడుగున ఎక్కడో గిన్నెకంటిన పాల తీపి కలిసిన ఆ వాసన బాపట్లలో నేనుంటున్న ఈ రెండు గదుల ఇంట్లో ఏడాదికి ఒక్కసారే వస్తుంది. ఈ ఏడు అది వచ్చిన ఉదయానికి నా రెండో కంటికి శస్త్రచికిత్స జరిగి నాలుగు రోజులైంది. కళ్ళకు నల్లద్దాలు, చేతికందేంత దూరంలో చుక్కల మందు, ముందంతా మసక వెలుతురు. మా మేడ మీద అద్దెకుంటున్న నర్సు ప్రసన్న నా కోసం బియ్యాన్ని డబ్బాలోకి ఒంపుతూ, తన ఫోనును అలమారలో నిలబెట్టి పాటలు పెట్టింది. గిటారు, కీబోర్డు, డ్రమ్ముల మధ్య ఒక కుర్ర గొంతు ప్రభువును పిలుస్తోంది. ఆ పాటలంటే నాకు గిట్టదని ఆ పిల్లకు తెలుసు. "ఒకే వరుసను పదకొండుసార్లు పాడారమ్మాయ్, లెక్కపెట్టాను" అని పోయిన ఏడు నేను ఆక్షేపిస్తే, "లెక్కపెట్టారంటే ఆఖరిదాకా విన్నట్టేగా ఆంటీ!" అని నవ్వింది. ముప్పయ్యారేళ్ళు తెనాలిలో ఆడపిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని. తేదీలను, అంకెలను తప్ప దేన్నీ నమ్మే అలవాటు నాకు లేదు. ఆ అలవాటు ఎక్కడ మొదలైందో, దానివల్ల ఎవరికి ఏం పోయిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

చెరుకుపల్లికి మూడు మైళ్ళ దూరంలో మా ఊరు. నేను చెప్పబోయేది అరవై మూడేళ్ళ కిందటి మాట. మా నాన్నగారు ఆ ఊళ్ళో బడిపంతులు, ఆదివారాలు వాక్యం చెప్పే ఉపదేశి కూడా. చర్చిని మేము గుడి అనే అనేవాళ్ళం. అమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టి, చేటలోని బియ్యం కడగబోయే ముందు, ఒక్క పిడికెడు తీసి పక్కనున్న చిన్న మట్టి పిడతలో వేసేది. అది దేవుడి వాటా. మా పేటలో పొయ్యి వెలిగే ప్రతి ఇంట్లోనూ అలాంటి పిడత ఉండేది. కూలి దొరకని రోజుల్లో పిడికిలి కాస్త బిగుసుకునేదేమో గాని, పిడత ఖాళీగా ఉండేది కాదు. ఆదివారం ఆడవాళ్ళందరూ ఆ బియ్యాన్ని కొంగున కట్టుకొచ్చి, బల్ల ముందున్న గంపలో పోస్తుంటే, తొలకరి చినుకులు తాటాకు మీద పడ్డట్టు సన్నటి చప్పుడయ్యేది. తొలకరికి కాలువల్లో ఎర్రనీళ్ళు, ఆ నీళ్ళతో పాటు కొట్టుకొచ్చే పిత్తపరిగెలు. వరి కోసీ కొయ్యకముందే దాని మొదళ్ళలో మొలిచే మినుము. మట్టల ఆదివారం నాడు గుడి చుట్టూ పట్టుకు తిరిగిన ఈత మట్టలతో మధ్యాహ్నందాకా మేం అల్లుకునే చిలకలు, గిలకలు. క్రిస్మసుకు ముందు వారమంతా వీధి వీధికీ వ్యాపించే బెల్లం పాకం వాసన, కొబ్బరి కోరు అంటిన వేళ్ళు, రంగు కాగితాల తోరణాల కోసం ఉడికించిన మైదా జిగురు, వెల్ల వేసిన గోడకు వీపు ఆనించినందుకు పడే చీవాట్లు. ఏడాది మాకు పన్నెండు నెలలుగా కాక, ఇలా గడిచేది.

గచ్చకాయలు, తొక్కుడుబిళ్ళ నేనూ ఆడాను గాని, నాకు పేరు తెచ్చిన ఆట వేరు. మా కీర్తనల పుస్తకంలో ప్రతి పాటకూ ఒక నంబరుంటుంది. అరుగు మీద కూర్చున్న పెద్దవాళ్ళు ఏదో ఒక అంకె విసిరితే, నేను ఊపిరి తీసుకోకుండా ఆ పాట మొదటి వరుస చెప్పేదాన్ని. ఒక్కటీ తప్పేది కాదు. రెండో వరుస ఏమిటని ఎవరూ అడగలేదు, నేనూ పట్టించుకోలేదు. నాకు పదేళ్ళు నిండగానే నాన్నగారు నన్ను ముందు చాప మీద కూర్చోబెట్టి, ప్రతి పాటకు ముందు నంబరు గట్టిగా పిలిచే పని అప్పగించారు. చదువొచ్చినవాళ్ళు పేజీలు తిప్పుతుంటే, రానివాళ్ళు నా ముఖం వంక చూసేవారు. ఆ చూపులు నాకెంతో రుచించేవి.

అలా చూసేవాళ్ళలో రాహేలమ్మ పిన్ని ఒకతె. చుట్టరికం లేదు, పేటలో అమ్మకన్నా చిన్నవాళ్ళందరూ మాకు పిన్నులే. ఆమె కూలికి వెళ్ళేది, అక్షరం రాదు. అప్పటికి ఇద్దరు బిడ్డలు పుట్టి పురిట్లోనే పోయారు. మూడోసారి కడుపుతో ఉంది. ఆ ఆగస్టులో నాట్లు సాగుతున్నప్పుడు, బడి వదిలాక నేను చేలగట్టు మీద కూర్చునేదాన్ని. బురద వాసన, నారుకట్టల పచ్చి వాసన, మోకాళ్ళపైకి ఎగ్గట్టిన చీరలు, వరుసగా వంగి వెనక్కి వెనక్కి నడిచే పద్దెనిమిదిమంది ఆడవాళ్ళు. రాహేలమ్మ ఒక వరుస అందుకునేది, మిగతావాళ్ళు అదే వరుస తిరిగి అనేవారు. బాణీ అందరికీ తెలిసిన నాట్ల బాణీయే, మాటలు ఆమెవి. కడుపులో ఉన్న ఈ ఒక్క బిడ్డనైనా తనకు ఉంచమని ప్రభువును అడిగే పాట. నాలుగే వరుసలు. మూడో వరుస దగ్గరికి వచ్చేసరికి ముందుకు కదలకుండా దాన్నే తిప్పి తిప్పి పాడేవారు, మడి చివరిదాకా. నేనూ కాళ్ళు నీళ్ళల్లో ఆడిస్తూ ఆ మూడో వరుసను వాళ్ళతో కలిసి పాడాను. ఒక్కరోజు కాదు, నాట్లు సాగినన్ని రోజులూ.

"సుగుణమ్మ గొంతు బాగుందే! నా బిడ్డ కోసం నువ్వు కూడా అడుగమ్మా. చిన్నపిల్లలడిగితే దేవుడు తొందరగా వింటాడు" అంది రాహేలమ్మ, నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడి.

"అడుగుతాలే పిన్నీ" అన్నాను.

నూర్పిళ్ళయ్యాక కోత పండుగ వచ్చింది. ఆ ఆదివారం గుడి గుడిలా ఉండదు, సంతలా ఉంటుంది. బూడిద గుమ్మడికాయలు, అరటి గెలలు, కొత్త వడ్లు, మినుములు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు, ఎవరిదో ఒక మేకపిల్ల. రేపల్లె నుంచి అయ్యగారు, అంటే పాస్టరు గారు, సైకిలు మీద వచ్చారు. కానుక తెచ్చినవాళ్ళు బల్ల ముందు నిలబడి తమకిష్టమైన పాట పాడించుకోవడం ఆనాటి ఆచారం. వాళ్ళు నాకు నంబరు చెబితే, నేను గుడికంతా వినిపించేలా పిలిచేదాన్ని. రాహేలమ్మ ఎనిమిదో నెల కడుపుతో, చంకన గుమ్మడికాయతో, ఆయాసపడుతూ వచ్చి నిలబడింది.

"నంబరు చెప్పు పిన్నీ."

"నంబరేంటమ్మా, నా పాటే. నాట్లప్పుడు నువ్వు కూడా పాడావుగా."

ఆమె ఆ మాట మెల్లగానే అన్నది. కానీ ముందు వరసలోని వాళ్ళు విన్నారు, అయ్యగారు విన్నారు. కూలివాళ్ళతో కలిసి చేలగట్టు మీద పాడానని అంతమందిలో బయటపడటం నాకు తలకొట్టేసినట్టయింది. చెయ్యెత్తి పుస్తకం చూపించి, నంబర్లు పిలిచే గొంతుతోనే అన్నాను:

"నేనెప్పుడు పాడాను? పుస్తకంలో లేంది పాటెట్టా అవుద్ది?"

గుడంతా నవ్వింది. "పంతులుగారి కూతురు అయ్యగారికే పాఠం చెప్పేట్టుందే!" అని వెనకనుంచి ఎవరో అన్నారు. రాహేలమ్మ కూడా నవ్వింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. "నిజమేలేమ్మా, నాకేం తెలుసు" అని, గుమ్మడికాయను బల్ల పక్కన దొర్లకుండా సర్ది పెట్టి, వెనక్కి వెళ్ళి గోడ వారన కూర్చుంది. అయ్యగారు నా తల నిమిరి, "క్రమం తెలిసిన పిల్ల" అన్నారు. ఆ మధ్యాహ్నం విందులో గుమ్మడికాయ పులుసు నేను రెండుసార్లు అడిగి వేయించుకున్నాను. ఆ గుమ్మడికాయల్లో ఒకటి ఎవరిదో నాకు తెలుసు.

నెలన్నర తర్వాత ఆమెకు ఆడపిల్ల పుట్టింది, బతికింది; ఎస్తేరు అని పేరు పెట్టారు. మరుసటి ఆగస్టులో నాట్లకు వచ్చింది గాని పాట అందుకోలేదు. "పాడవేంటే రాహేలూ?" అని తోటివాళ్ళు అడిగితే, "గొంతు పట్టేసిందక్కా" అనేది. ఆ గొంతు మళ్ళీ విడవలేదు. నేనది విన్నాను; కారణం నేనే అయి ఉండవచ్చన్న ఆలోచన కూడా రానివ్వలేదు. పదమూడో ఏట చదువు కోసం తెనాలి హాస్టలుకు వెళ్ళిపోయాను. అయ్యగారి మాటను మాత్రం, ఎవరో నా జాకెట్టుకు గుచ్చిన పతకంలా, ముప్పయ్యారేళ్ళ ఉద్యోగంలో తరగతి తరగతికీ మోసుకు తిరిగాను.

ఈ ఏడు రెండు కళ్ళకూ వరసగా శస్త్రచికిత్స అవసరమైంది. ఐదు వారాలు చదవకూడదని డాక్టరు గారు ఆదేశించారు. పుస్తకం లేకపోయినా పాటలన్నీ నాకు కంఠస్థమే కదా అనుకున్నాను. మొదటి రోజు ఉదయం మంచం మీద కూర్చుని చేతులు జోడిస్తే, నంబరు వచ్చింది, మొదటి వరుస వచ్చింది, ఆ తర్వాత చీకటి. ఇంకో నంబరు, ఇంకో మొదటి వరుస, మళ్ళీ చీకటి. ఒక పూటలో నలభై పాటలు మొదలుపెట్టి ఒక్కటీ పూర్తి చెయ్యలేకపోయాను. సొంతంగా నాలుగు మాటలు దేవుడితో చెప్పుకుందామంటే, అలా ఎప్పుడూ చెప్పుకోలేదని తెలిసింది. డెబ్బై మూడేళ్ళ మనిషిని. ఈ చూపు తిరిగి రాకపోతే ఏం చెయ్యాలో తెలియని భయం పట్టుకుంది. దాన్ని చెప్పుకోవడానికి నా దగ్గర ఒక్క మాట లేదు.

కొత్త బియ్యం వచ్చిన ఆ ఉదయం, ప్రసన్న పెట్టిన పాటలో ఆ కుర్రవాడు ఒకే వరుసను మళ్ళీ మళ్ళీ పాడసాగాడు. పట్టుకున్న చెయ్యి విడిచిపెట్టవద్దని ప్రభువును అడగడం తప్ప అందులో ఇంకేమీ లేదు. అలవాటు ప్రకారం లెక్కపెట్టాను. ఏడోసారికి నా పెదవులు కదిలాయి. తొమ్మిదోసారికి కన్నీళ్ళు వచ్చాయి. "ఆంటీ, కళ్ళు తడవకూడదు" అని ప్రసన్న దూది పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. పాట ఆగాక కూడా నేను ఆపలేదు. చీకటంటే భయంగా ఉందని, ఒంటరిగా ఉన్నానని, నాకు బుద్ధి తెలిశాక ఎప్పుడూ వాడని మాటలతో దేవుడికి చెప్పుకున్నాను. ఆ రోజు నుంచి పొద్దున్నే నేనే పిలిచేదాన్ని: "అమ్మాయ్, ఆ పాట పెట్టు." ముందుకు కదలకుండా ఒకే వరుసను తిప్పడంలో ఇంత పట్టు ఉందని, ఆగితే తప్ప అడగలేమని, అప్పుడు తెలిసింది. తెలిసిన మరుక్షణం, బురదలో వంగి మూడో వరుసను తిప్పుతున్న రాహేలమ్మ గుర్తొచ్చింది. ఆ పాట పేరు చెబితే నాకు ఈనాటికీ ముఖం కాలిపోతుంది. దానికి పేరు కూడా లేదు.

కళ్ళు బాగయ్యాక ఊళ్ళో వాకబు చేయించాను. రాహేలమ్మ పోయి పందొమ్మిదేళ్ళయింది. ఎస్తేరు వేమూరులో ఉంది. ఆగస్టులో బయల్దేరి, తెనాలిలో రేపల్లె బండికి మారి, వేమూరులో దిగాను. దారి పొడవునా యంత్రాలు నాట్లు వేస్తున్నాయి. చేలో పాటంటూ లేదు. ఎస్తేరు అరవై దాటిన మనిషి, చురుకైనది, నవ్వు ముఖం. పంతులుగారి కూతుర్నని చెప్పగానే కుర్చీ తుడిచి వేసింది. వాళ్ళమ్మ పాట గురించి మాట్లాడటానికి వచ్చానన్నాను.

"మా అమ్మ పాడేదా? ఎవర్ని చూసి ఎవరనుకుంటున్నారో! మా అమ్మ గుడిలో పెదవి కదిపేది కాదండి. రాయిలాగా కూర్చుంటావేంటే అని నేనే దెప్పేదాన్ని."

అంతా చెప్పాను. నేనన్న మాటను అన్నట్టుగానే, ఒక్క అక్షరం తగ్గించకుండా చెప్పాను.  ఆమె నా చేతి మీద చెయ్యి వేసింది.

"పదేళ్ళ పిల్లవి, నీకేం తెలుసులే అక్కా."

ఆ 'అక్కా' అన్న మాటను నేను భరించలేకపోయాను. ఇంతలో ఆమె హుషారుగా లేచి ఫోను తెచ్చింది.

"మా మనవరాలు తెనాల్లో చదువుతా చర్చిలో కీబోర్డు వాయిస్తదక్కా. పాటలు అదే కడతది, ఫోన్లో పెడతది, ఎంతమంది వింటారో! అమ్మమ్మ వాళ్ళమ్మ పాటంటే ఎగిరి గంతేస్తది. పాడక్కా, పంపిస్తా. నా కోసం అడిగిన పాటగా, నేను మాత్రం వినొద్దూ?"

రికార్డింగు నొక్కి నా ముందు పెట్టింది. తెర మీద సెకన్లు కదలసాగాయి. నాలుగు వరుసలని తెలుసు. మూడో వరుసను తిప్పి పాడేవారని తెలుసు. పాడినవాళ్ళు పద్దెనిమిది మందని, అది ఆగస్టని, నేను కూర్చున్న గట్టు ఏ వైపో కూడా తెలుసు. మాటలు ఒక్కటీ లేవు. నేను నోరారా పాడిన ఆ మూడో వరుసలో మొదటి మాట కూడా లేదు. నోరు తెరిచాను, వీధిలో పోతున్న ట్రాక్టరు, ఎవరిదో కోడి కూత, నా ఊపిరి ఫోనులోకి వెళ్ళాయి. నలభై ఒక్క సెకన్లకు ఎస్తేరు దాన్ని ఆపింది.

"పోన్లే అక్కా. ప్రార్థన చేసి వెళ్ళు" అంది. మా వాళ్ళ ఇంటికి ఎవరొచ్చినా, ప్రార్థన చెయ్యకుండా పంపరు. పుస్తకం లేకుండా, ఆమె చెయ్యి పట్టుకుని, ఆమె వింటుండగా, రాహేలమ్మ పేరు పెట్టి దేవుణ్ణి క్షమించమని అడిగాను. ఆ ధైర్యం నాకు ఇచ్చింది నేను ఎగతాళి చేసిన ఈ కాలపు పాటలేనని కూడా ఒప్పుకున్నాను. ఎస్తేరు ఆమేన్ అంది.

మా ఊళ్ళో పోయినవాటిలో చాలావాటిని కాలం తీసుకుపోయిందని చెప్పవచ్చు. ఆ నాలుగు వరుసలను మాత్రం కాలం తీసుకుపోలేదు. ఆ నలభై ఒక్క సెకన్లను ఎస్తేరు తుడిచేసిందో, మనవరాలికి పంపిందో నేను అడగలేదు.